పార్కింగ్ పిల్లర్లకు డబ్బులెవరిస్తారు?

2024 డిసెంబర్ 4, బుధవారం. ఉదయం 7 గంటల 27 నిమిషాలు. మీది ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపైతే ఆ టైమ్‌లో మీరెక్కడున్నారో ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. నేను ఖమ్మంలో ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, అద్దె గదిలో, పళ్లు తోముకుంటున్నా. బకెట్లో నీళ్లు వాటంతటవే ఊగాయి. మంచం కింద ఎవరో దూరి కదిపినట్టయింది. కొన్ని సెకన్లే. కిందికి దిగేసరికి అందరూ పార్కింగ్‌లోనే నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన ఓ కుర్రాడు “బ్లాస్టింగేమో అన్నా” అన్నాడు. బొగ్గు గనుల పక్కన పెరిగినవాళ్లకు నేల అదిరితే మొదట వచ్చే అనుమానం అదే కదా.

కాదు, భూకంపం. ములుగు జిల్లాలో, మేడారం అడవుల వైపు కేంద్రం. తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో, విజయవాడలో కూడా తెలిసింది. ప్రాణనష్టం లేదు. రెండు రోజులు మీమ్స్ తిరిగాయి, తర్వాత అందరం మర్చిపోయాం.

నేను మాత్రం ఒక విషయం మర్చిపోలేదు. భయపడి కిందికి పరిగెత్తిన మేమంతా ఆగింది ఆ బిల్డింగ్ మొత్తంలో అత్యంత బలహీనమైన చోట. పార్కింగ్ ఫ్లోర్ అన్నమాట. గోడలు లేకుండా, పిల్లర్ల మీద నిలబడ్డ స్టిల్ట్. సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి జారిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి తెలిసి కూడా వెళ్లి అక్కడే నిలబడ్డా.

వారం తర్వాత మెట్ల దగ్గర సన్నటి బీటలు కనిపిస్తే ఓనర్‌కు చెప్పాను. మర్నాడు పుట్టీ పెట్టి రంగు వేయించారు. “అంకుల్, రంగు కాదు, పిల్లర్లు చెక్ చేయించాలి. అవసరమైతే బలం పెంచాలి” అన్నాను. ఆయన కోప్పడలేదు. ఒకే ప్రశ్న అడిగారు: “సరే బాబూ, డబ్బులెవరిస్తారు?”

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. తర్వాత వెతుకుతూ వెళ్తే అది ఓనర్ల ప్రశ్న మాత్రమే కాదని అర్థమైంది. ఉద్యోగం కోసం చూస్తున్న మీకూ అందులో వాటా ఉంది.

మంచె మీద కాంక్రీట్

మొక్కజొన్న చేలో మంచె చూశారుగా. నాలుగు గుంజలు, పైన తడిక. దాని మీద ఒక మనిషి కూర్చుంటే పర్వాలేదు. పది బస్తాలు పేర్చి గుంజలను అటూ ఇటూ ఊపితే? పై భాగం మొత్తం ఒకే ముద్దలా కదులుతుంది, వంగేది గుంజలే. స్టిల్ట్ అపార్ట్‌మెంట్ కథా ఇదే. పై అంతస్తుల్లో ఇటుక గోడలు ఉంటాయి కాబట్టి అవి పెట్టెలా గట్టిగా ఉంటాయి. కింద గోడలు లేవు. నేల కదిలినప్పుడు ఆ కదలికంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది.

ఇది పుస్తకంలో మాటే కాదు. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలి వందల మంది చనిపోయారు. కూలినవాటిలో ఎక్కువ భాగం ఇలా కింద ఖాళీగా వదిలి పైన కట్టినవే. అప్పటి మ్యాప్‌లో అహ్మదాబాద్ ఉన్నది జోన్ 3లో. 2002 నాటి భూకంప మ్యాప్ ప్రకారం ఖమ్మం, భద్రాచలం, విజయవాడ కూడా జోన్ 3లోనే ఉన్నాయి. హైదరాబాద్ జోన్ 2.

భయపెట్టడానికి చెప్పట్లేదు. భుజ్ భూకంపం తీవ్రత 7.7. మన దగ్గర రికార్డుల్లో ఉన్న పెద్దది 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన 5.7. ఈ రెంటి మధ్య విడుదలయ్యే శక్తిలో తేడా దాదాపు వెయ్యి రెట్లు. కానీ 1969లో భద్రాచలంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు ఎక్కడివి? గోదావరి లోయ కింద నేల పగుళ్లు అలాగే ఉన్నాయి, వాటి మీద మన కట్టడాలే మారిపోయాయి. అడవి అంచున చర్ల, దుమ్ముగూడెం వైపు తడిక గోడ, గడ్డి కప్పు ఉన్న ఇల్లు ఊగితే గాయాలతో బయటపడొచ్చు. స్లాబ్ పడితే ఆ అవకాశం లేదు.

స్టిల్ట్ ఎందుకు వేస్తారో కూడా చూడండి. పిసినారితనం వల్ల కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్ పార్కింగ్ తప్పనిసరి చేశాయి, స్టిల్ట్‌ను బిల్డింగ్ ఎత్తు లెక్కలోంచి మినహాయించాయి. అంటే స్టిల్ట్ వేస్తే లాభం. మరోవైపు ఐఎస్ 1893 కోడ్ 2002లోనే చెప్పింది, ఇలాంటి అంతస్తులో పిల్లర్లు, బీములను మామూలు లెక్కకు రెండున్నర రెట్లు బలంగా డిజైన్ చేయాలని. 2016 సవరణ ఇంకా గట్టిగా షియర్ వాల్స్ లేదా బ్రేసింగ్ పెట్టమంది. ఒక రూల్ స్టిల్ట్ వేయమంటుంది, ఇంకో రూల్ వేస్తే ఇలా వెయ్యమంటుంది. సైట్‌లో మొదటిది అమలవుతుంది. రెండోది డ్రాయింగ్‌లో ఉంటుంది, అది కూడా అదృష్టం బాగుంటే.

ఒక చిన్న పని చేయండి. మీ వీధిలో ఏదైనా బిల్డింగ్ కడుతుంటే కాంక్రీట్ పోయకముందు పిల్లర్ రింగులు చూడండి. రింగు చివర కొక్కెం 135 డిగ్రీలు లోపలికి వంగి ఉండాలని ఐఎస్ 13920 చెబుతుంది. చాలా సైట్లలో 90 దగ్గరే ఆపేస్తారు. బార్ బెండింగ్ మేస్త్రికి ఆ తేడా చెప్పినవాళ్లు లేరు. ఊపు వచ్చినప్పుడు 90 డిగ్రీల రింగు విచ్చుకుంటుంది, లోపలి కాంక్రీట్ రాలిపోతుంది.

డబ్బు ఎక్కడుంది, ఎక్కడ లేదు

కట్టేసిన బిల్డింగ్‌ను బలపరచడాన్ని రెట్రోఫిటింగ్ అంటారు. పిల్లర్ చుట్టూ అదనపు ఇనుము, కాంక్రీట్‌తో తొడుగు వేయడం, స్టీల్ బ్రేసింగ్, పార్కింగ్‌లో రెండు మూడు చోట్ల కొత్త షియర్ వాల్, ఫైబర్ చుట్టడం. ఏ బిల్డింగ్‌కు ఏది కావాలో తేల్చడానికి ఐఎస్ 15988 అనే కోడ్ 2013 నుంచి ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో రెట్రోఫిటింగ్ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాగితాలకు లోటు లేదు.

ఇక డబ్బు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధిని రెండుగా విడగొట్టింది. 80 శాతం విపత్తు వచ్చాక ఖర్చు పెట్టడానికి, 20 శాతం రాకముందే నష్టం తగ్గించడానికి. ఆ రెండో ముక్క అన్ని రాష్ట్రాలకూ కలిపి 32,031 కోట్లు. జాతీయ స్థాయిలో ఇలాంటిదే మరో 13,693 కోట్లు. అందులో భూకంపం, కొండచరియల ముప్పు కోసం విడిగా 750 కోట్లు కేటాయించారు. అది పది కొండ రాష్ట్రాలకు. అందులో మనం లేం.

ఇప్పటిదాకా మన దేశంలో రెట్రోఫిటింగ్‌కు ప్రభుత్వ సొమ్ము వెళ్లింది ఎక్కువగా స్కూళ్లు, ఆసుపత్రులు, ఆఫీసులకు. ఢిల్లీలో లడ్లో కాసిల్ స్కూల్‌ను అలా బలపరిచారు. అది న్యాయమే. కానీ పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఓనర్లు కలిసి వెళ్లి “మా పిల్లర్లకు సాయం కావాలి” అని అడిగే పథకం తెలంగాణలో లేదు.

లెక్క కోసం అనుకుందాం. పది ఫ్లాట్ల బిల్డింగ్, పార్కింగ్ బలపరచడానికి 20 లక్షలు. ఫ్లాట్‌కు రెండు లక్షలు. ఇద్దరు ఓనర్లు అమెరికాలో, ముగ్గురు అద్దెకిచ్చి హైదరాబాద్‌లో, ఒకాయన రిటైరై పెన్షన్ మీద. వీళ్లంతా ఒక మాట మీదకు రావాలి. లిఫ్ట్ రిపేరుకే రాని మాట ఇది. సగం ప్రభుత్వం భరిస్తే? లక్ష అవుతుంది. అప్పుడు కనీసం మీటింగ్ అయినా జరుగుతుంది. సబ్సిడీ చేసే అసలు పని అదే, జనాన్ని ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం.

బయట ఎలా చేశారో కాస్త చూద్దాం. శాన్‌ఫ్రాన్సిస్కో 2013లో రూల్ తెచ్చింది. 1978కి ముందు అనుమతి పొందిన, మూడంతస్తులకు, ఐదు ఇళ్లకు తగ్గని మెత్తటి కింది అంతస్తు చెక్క బిల్డింగులన్నీ బలపరచాల్సిందే. దాదాపు 5 వేల బిల్డింగులు. గడువు దాటినవాటి తలుపు దగ్గర పెద్ద హెచ్చరిక బోర్డు పెట్టారు. అక్కడ డబ్బు ఓనర్‌దే, కానీ ఖర్చును 20 ఏళ్ల పాటు అద్దెలో కొద్దికొద్దిగా కలుపుకోనిచ్చారు. లాస్ ఏంజెలెస్ 2015లో ఇలాంటిదే తెచ్చి, సగం ఖర్చే అద్దెదారు మీద వేయొచ్చు, అదీ నెలకు 38 డాలర్లు మించకూడదు అంది. విడి ఇళ్లకైతే కాలిఫోర్నియాలో 3 వేల డాలర్ల దాకా గ్రాంట్ ఇచ్చే పథకం నడిచింది. జపాన్‌లో 1995 కోబె భూకంపం తర్వాత చట్టం చేసి, 1981కి ముందు కోడ్‌తో కట్టిన ఇళ్లకు తనిఖీ ఖర్చులోనే స్థానిక ప్రభుత్వాలు వాటా పెట్టుకోవడం మొదలెట్టాయి. ఈ చివరిది నాకు బాగా నచ్చింది. మొదటి రూపాయి టెస్టుకు ఇవ్వడం.

డబ్బు ఇస్తే చాలు, అన్నీ అవే జరుగుతాయనుకోవద్దు. మన పక్కనే, 1993 సెప్టెంబర్ 30న లాతూర్ భూకంపం వచ్చింది. అప్పటి మ్యాప్‌లో అది ప్రమాదం అతి తక్కువని చెప్పిన జోన్. ఆ తర్వాత ప్రపంచ బ్యాంక్ అప్పుతో మహారాష్ట్ర ప్రభుత్వం లక్షన్నరకు పైగా ఇళ్ల మరమ్మతుకు, బలపరచడానికి సాయం చేసింది. చాలామంది ఆ సాయంతో పాత రాతి ఇంటిని బలపరచకుండా పక్కన ఒక కొత్త గది వేసుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. పాత గోడను నమ్మొచ్చని పక్కన నిలబడి చూపించేవాళ్లు సరిపడా లేకపోతే ఎవరైనా అదే చేస్తారు.

భద్రాచలంలో ఇంకో ముడి

ఖమ్మం కార్పొరేషన్‌లో బిల్డింగ్‌కు కనీసం ప్లాన్, పర్మిషన్, రిజిస్ట్రేషన్ ఉంటాయి. భద్రాచలం కథ వేరు. ఊరు మొత్తం ఏజెన్సీ ప్రాంతం. 1970లో వచ్చిన 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. ఆదివాసుల భూమి కాపాడటానికి వచ్చిన చట్టం అది, అవసరమైన చట్టం. కానీ కట్టడాలు ఆగలేదు. 2014లో రాష్ట్రం విడిపోయాక చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. ఒకవైపు గోదావరి, మిగతా వైపుల రాష్ట్ర సరిహద్దు. పెరగడానికి పైకి తప్ప దారి లేదు. పైకే పెరిగింది.

2025 మార్చి 26న అక్కడ కడుతున్న బహుళ అంతస్తుల బిల్డింగ్ కుప్పకూలింది. కూలీలు చనిపోయారు. భూకంపం లేదు, గాలి లేదు. పాత నిర్మాణం మీద అంతస్తులు పెంచడం, అనుమతులు లేకపోవడం గురించి అప్పుడు అందరూ మాట్లాడుకున్నారు. తనంతట తానే కూలిన బిల్డింగ్ ఉన్న ఊళ్లో 5.3 ఊపుకు మిగతావి నిలబడటం ఎంత మన అదృష్టమో ఆలోచించండి.

ఇప్పుడు రేపు ఒక సబ్సిడీ వచ్చిందనుకోండి. “పర్మిషన్ కాపీ జత చేయండి” అంటే భద్రాచలంలో అత్యంత ప్రమాదకరమైన బిల్డింగులన్నీ బయట ఉండిపోతాయి. బ్యాంకు లోన్ కూడా రాదు, తాకట్టుకు టైటిల్ కావాలి కదా. పోనీ కాగితాలు అడక్కుండా ఇస్తే? అక్రమ కట్టడానికి ప్రభుత్వమే ముద్ర వేసినట్టవుతుంది, ఆదివాసుల హక్కుకు వెనక తలుపు నుంచి గండి పడుతుంది. ఎటు చూసినా చిక్కే.

నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోకపోవచ్చు. మొదటి డబ్బు ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు, ఏరియా ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ టైటిల్ గొడవే లేదు. తనిఖీ మాత్రం కాగితాలున్నా లేకున్నా ప్రతి బిల్డింగ్‌కూ ఉచితంగా, తప్పనిసరిగా చేయాలి, ఫలితం గేటు మీద అంటించాలి. అందులో పడుకునే అద్దెదారుకు, లాడ్జిలో దిగే భక్తుడికి తెలియాలి. బలపరిచే గ్రాంట్ కాగితాలున్నవాళ్లకే. లేనివాళ్లు తమ ఖర్చుతో చేయించుకోవాలి, లేదా ఖాళీ చేయాలి. కఠినంగా ఉందని తెలుసు. గోదావరి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, జనాన్ని కదిలిస్తారు. 2022 జూలైలో 71.3 అడుగులొచ్చినప్పుడు ఎవరి పట్టా ఏమిటని అడిగారా? భూకంపానికి అలాంటి హెచ్చరికే ఉండదు. ముందే కదలాలి.

డబ్బు విడుదల చేసే పద్ధతి కూడా కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న మొదలైందే భద్రాచలంలో. 5 లక్షలు ఒకేసారి ఇవ్వరు. బేస్‌మెంట్ అయితే ఇంత, గోడలు లేస్తే ఇంత, స్లాబ్ పడితే ఇంత అని దశల వారీగా, ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాక ఇస్తారు. పిల్లర్ తొడుగుకు కూడా అదే సరిపోతుంది. ఇనుము కట్టాక ఒక ఫొటో, కాంక్రీట్ అయ్యాక ఒకటి. తేడా ఒక్కటే, ఆ ఫొటో చూసి రింగు కొక్కెం సరిగ్గా ఉందో లేదో చెప్పగలిగే ఇంజనీర్ అటువైపు ఉండాలి.

ఆ ఇంజనీర్ మీరెందుకు కాకూడదు?

ముందు నిజం చెప్పాలి. ఇవాళ రెట్రోఫిటింగ్ ఇంజనీర్ అని నోటిఫికేషన్ రాదు. ప్రైవేట్ మార్కెట్ చిన్నది, స్ట్రక్చరల్ ఆడిట్ చేసే కన్సల్టెన్సీలు ఎక్కువగా హైదరాబాద్‌లో ఉన్నాయి, స్టార్టింగ్ జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకుంటే నిరాశే. “ఇది హాట్ కెరీర్” అని ఎవరైనా కోర్సు అమ్మబోతే జాగ్రత్త. ఈ పని ప్రభుత్వ సొమ్ము వెంట నడుస్తుంది. సొమ్ము వచ్చిన రోజున మాత్రం పని తెలిసినవాళ్లు దొరకరు.

తెలుసుకోవడం ఖర్చుతో కూడిన పని కాదు. ఐఐటీ కాన్పూర్‌లోని భూకంప ఇంజనీరింగ్ కేంద్రం ‘ఎర్త్‌క్వేక్ టిప్స్’ అని 24 చిన్న పాఠాలు ఉచితంగా పెట్టింది. రాసింది మన తెలుగువారే, ప్రొఫెసర్ సి.వి.ఆర్. మూర్తి. 21వది స్టిల్ట్ బిల్డింగుల గురించే. ఇంగ్లీష్‌లో ఉన్నా బొమ్మలతో ఇంటర్ పిల్లలకూ అర్థమవుతుంది. నేను నాలుగేళ్ల బీటెక్‌లో నేర్చుకోనిది ఒక్క ఆదివారంలో నేర్చుకున్నా. కాలేజీలో ఎర్త్‌క్వేక్ ఇంజనీరింగ్ ఎలక్టివ్‌గా ఉంటే “మార్కులు తేలిగ్గా రావు” అని వదిలేయకండి. మా బ్యాచ్ అంతా అలాగే వదిలేశాం.

పై చదువుకైతే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో భూకంప ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పనిచేసిన ప్రొఫెసర్ రామంచర్ల ప్రదీప్ కుమార్ తర్వాత రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. వరంగల్ నిట్‌లో స్ట్రక్చర్స్ ఎం.టెక్ ఉంది. ఐఐటీ రూర్కీలో భూకంప ఇంజనీరింగ్‌కు 1960 నుంచీ విడిగా విభాగమే ఉంది. వీటన్నిటికీ గేట్ స్కోరు అక్కరకొస్తుంది. టీజీపీఎస్సీ ఏఈఈ రాసేవాళ్లయితే ఇంకో కోణం చూడండి. ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్, గిరిజన సంక్షేమ ఇంజనీరింగ్ విభాగం, వీటిలో చేరిన రోజు నుంచి పాత హాస్టళ్లు, స్కూళ్లు మీ సంతకం కిందకే వస్తాయి.

చేతి పని కూడా నేర్చుకోవాలి. రీబౌండ్ హ్యామర్‌తో కాంక్రీట్ బలం అంచనా వేయడం, అల్ట్రాసోనిక్ టెస్ట్, గోడ పగలకొట్టకుండా ఊచ ఎక్కడుందో పట్టే కవర్ మీటర్. మీ కాలేజీ ల్యాబ్‌లో ఇవి అద్దాల బీరువాలో తాళం వేసి ఉండొచ్చు. తాళం తీయమని అడగండి. డిప్లొమా, ఐటీఐ వాళ్లకు కూడా ఇందులో చోటుంది. తొడుగు వేసే పని మామూలు సెంట్రింగ్ కాదు. పాత కాంక్రీట్‌కు డ్రిల్ కొట్టి ఊచ నాటడం తెలిసిన మేస్త్రికి మామూలు మేస్త్రి కన్నా గిరాకీ ఎక్కువ.

సీఎస్ఈ వాళ్లు ఇక్కడిదాకా చదివారా? మీకూ ఉంది. రాపిడ్ విజువల్ స్క్రీనింగ్ అంటే లోపలికి వెళ్లకుండా బయట నుంచి చూసి అంతస్తులు, స్టిల్ట్, ఆకారం, వయసు నమోదు చేసి మార్కులివ్వడం. ఏ బిల్డింగ్‌కు లోతైన తనిఖీ కావాలో దానితో తేలుతుంది. ఒక ఫారం, ఒక మ్యాప్, ఒక ఫొటో. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం మళ్లీ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేయబోతున్నవాళ్లు ఒక్క క్షణం ఆగండి. సివిల్ వాళ్లిద్దరిని కలుపుకొని మీ ఊరి ఒక వార్డు సర్వే చేస్తే, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక నిజమైన కథ ఉంటుంది. ఒక్క జాగ్రత్త, ఆ మార్కులు చూసి “మీ బిల్డింగ్ కూలిపోతుంది” అని ఎవరికీ చెప్పకండి. అది జ్వరం చూసే థర్మామీటర్ లాంటిదే, జబ్బు పేరు చెప్పదు.

గత నెల ఒక ఆదివారం సాయంత్రం నేనూ, క్లాస్‌మేట్ ఒకడూ మా వీధిలో ఆ ఫారం పట్టుకుని తిరిగాం. స్టిల్ట్ లేని అపార్ట్‌మెంట్ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. చివరికి మా బిల్డింగ్ దగ్గరకొచ్చి పార్కింగ్‌లో టేపు పట్టి పిల్లర్ కొలుస్తుంటే ఓనర్ అంకుల్ దిగి వచ్చారు. ఏం చేస్తున్నారని అడిగి, కాసేపు చూసి, టేపు రెండో చివర తనే పట్టుకున్నారు. “ఇదంతా రాసి మున్సిపాలిటీకి ఇస్తారా?” అన్నారు. ఇస్తామన్నాం. “అయితే నా పేరుతోనే ఇవ్వండి. ఓనర్ అడిగితే ఒకలా ఉంటుంది” అన్నారు.